వినబడినవి

మార్చి పదిహేను. నేల ఇంకా చెమ్మ వదల్లేదు.
ఫ్రీస్‌లాండ్ పచ్చిక మీద పొగమంచు
విరిగిన పాలలా తునకలు తునకలుగా తేలుతోంది.
ఒకప్పుడు ఈ గట్టు మీద ఐదుగురం.
ఇవాళ ఇద్దరం. నేనూ, యెల్మర్ కూతురూ.
యెల్మర్ మోకాలు కోయించుకుని ఇంట్లో ఉన్నాడు,
కిటికీలోంచి చూసినవి లెక్కకి రావని విసుక్కుంటూ.
పిల్లకింకా తీతువుకీ గాడ్విట్‌కీ
రెక్క విరుపులో తేడా తెలియదు.
నేర్పాల్సింది నేనే. నాకు తెలిసిందంతా
ఆ ముగ్గురి దగ్గర తెచ్చిన చేబదులు.

ట్యాలింగ్ ఉంటే ఈపాటికి కాలవ దూకేసేవాడు.
డెబ్బై రెండేళ్ళ మనిషి, నాలుగు గజాల గెడ
బురదలో గుచ్చి గాలిలోకి లేచి
అవతలి గట్టున దిగేవాడు, నాలుగింట మూడుసార్లు.
నాలుగోసారి నడుంలోతు నీళ్ళలో నిలబడి
"గూడు దొరికింది, ఎవరూ కదలకండి" అనేవాడు.
గూడూ లేదు, గుడ్డూ లేదు. పరువు మాత్రం దక్కేది.

చిన్నప్పుడు గుడ్లు ఏరినవాడే.
ఆ ఏటి మొదటి తీతువు గుడ్డు
మేయరు చేతిలో పెట్టి ఫొటో దిగినవాడే.
తరవాత అదే చేత్తో
గూటికి అటొకటి ఇటొకటి వెదురు పుల్లలు పాతి
కోత యంత్రాల వాళ్ళని బతిమాలేవాడు.
"తిన్న బాకీ" అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు.

హిస్కే దారి వేరు.
నూట పన్నెండు అందంటే నూట పన్నెండే.
నేను నూట ఇరవై అన్నానని
ఒక చలికాలమంతా నాకు కాఫీ పోయలేదు.
ఆవిడ పుస్తకంలోనే ఉండేది ఆ గడి:
'కనబడలేదు, వినబడింది.'
చివరి రెండేళ్ళూ చూపు మసకేస్తుంటే
స్కేలు పెట్టి ఆ గడి వెడల్పు చేసింది,
మిగతావి ఇరుకు చేసింది,
ఏమీ జరగనట్టు.

రిన్స్ కాలి కడియాలు చదివేవాడు.
పసుపు, నీలం, మళ్ళీ పసుపు, ఎర్ర జెండా.
"ఇది సెనెగల్ వరిచేల నుంచి వస్తోంది" అని
పక్కింటి పిల్ల బడి నుంచి వచ్చినంత మామూలుగా చెప్పేవాడు.
అతనికి ముప్పై నాలుగు.
అతని సంగతి నేనింకా వాక్యంగా రాయలేను.
ఆ ఎర్ర జెండా పక్షి
మొన్న ఆదివారం దిగింది. అంతే.

ఎక్కడో తీతువు కూస్తే చావు కబురంటారట.
అర్ధరాత్రి ఇంటి మీదుగా అరిస్తే
పడుకున్నవాళ్ళు లేచి కూర్చుంటారట.
ఓడల్లో తిరిగిన రోజుల్లో యెల్మర్ విన్నాడు.
మాకిక్కడ అది కూస్తేనే చలి పోయినట్టు.
రెండూ నిజమేనేమో.
గొంతు ఒకటే కదా.

మంచులో ఎక్కడో కూసింది.
పిల్ల పెన్సిల్ ఎత్తింది. "ఎన్ని?"
"చూడకు. విను."
"ఒకటి... కాదు, రెండు. ఇంకోటి ఉందేమో."
"ఏమో అనిపించింది కూడా రాయి."
"ఏ గడిలో?"
చూపించాను. హిస్కే గీసిన గీత
నా వేలి కింద కొంచెం వంకరగా ఉంది.
ఆవిడ గీత వంకర పోవడం నేనెప్పుడూ గమనించలేదు.

ట్యాలింగ్ గెడ గట్టు మీదే పడుంది, పాకుడు పట్టి.
పిల్ల దాని వంక చూసింది, నా వంక చూసింది.
"వద్దు" అన్నాను.
వంతెన దాకా నడిచాం. ముప్పావుగంట.
దారిలో ఇంకో రెండు వినబడ్డాయి.