ఎనిమిది మూలలు

గిరింపేటలో నియాజ్ బాషా అంగడి.
గోడనిండా "పొగ తాగరాదు", "కుక్క ఉంది జాగ్రత్త".
ఆగమని చెప్పే బోర్డు కావాలన్నాను.
"ఎవురికి?" అన్నాడు.
అంతవరకూ ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

రోడ్డుకైతే పెద్దది, తొంభై సెంటీమీటర్లు,
చూపుకీ బ్రేకు మీది కాలికీ మధ్య కొంత దూరం మిగలాల.
బండ్లు నిలిపే జాగాకైతే చిన్నది చాలు,
ఆడ అందరూ నడిచినంత నిదానంగానే పోతారు గదా
అన్నాడు.

నడిచినంత నిదానంగానే వెనక్కొచ్చింది
మా గుజ్జు ఫ్యాక్టరీ యార్డులో ట్రాక్టరు,
జూన్ నెల, తెల్లారుజామున మూడు గంటలకి,
నాలుగు టన్నుల బెంగుళూరు కాయలతో
వాచ్‌మన్ మొగిలప్ప కుడికాలి మీదికి.
ఈల ఆయన నోట్లోనే ఉన్నింది.

పెద్దదే ఇయ్యి అన్నాను.

ఏం రాయమంటావంటే మళ్ళీ చిక్కు.
ఆగుము అంటే బడి పుస్తకం,
ఆగండి అంటే అప్పు అడిగినట్టు,
ఆగు అంటే మా నాయన గొంతు.
వచ్చేదేమో వేలూరు లారీలు, ముళబాగిలు టెంపోలు.
బాషా ఖాళీ రేకొకటి తీసి అంచులు తడిమినాడు:
"రాత మాసిపోనీ, బురద కొట్టనీ,
ఇన్ని మూలలు ఇంక దేనికీ ఉండవు సామీ."

రెండు రేకులు పక్కపక్కన పెట్టినాడు.
ఒకటే ఎరుపు. ధర మటుకు నాలుగింతల తేడా.
మేనేజరు ముఖం గుర్తొచ్చి చౌకదాని మీద చెయ్యేసినాను.
ఆయన షట్టరు దించి, లైటార్పి,
సెల్లు టార్చి కంటి పక్కన పెట్టుకున్నాడు.
ఒక రేకు గోడలో కలిసిపోయింది.
రెండోది నన్ను చూసింది.

కంబం ఎక్కడ నాటాలో కొలతలేసుకోనుంటే
మొగిలప్ప కుంటుకుంటా వచ్చి
చేతికర్రతో నేలమీద పొడిచినాడు, ఇక్కడ అని.
నా గీతకి ఆరడుగులు ముందర.
ఎందుకని నేనడగలేదు.

ఆ రాత్రి మొదటి లారీ ఆగింది.
డ్రైవరు తల బయటపెట్టి అటూ ఇటూ చూసినాడు,
ఎవురూ లేరు,
ఎవురూ లేనిదానికి ఒక నిమిషం నిలబడి పోయినాడు.
"ఒకటి" అన్నాడు మొగిలప్ప, గేటు పుస్తకంలో గీత గీసి.

రెండోది ఆగలేదు.
దాన్ని ఏ పక్కన రాయాలో తెలీక
పెన్ను నా చేతికిచ్చినాడు.