తుప్పు పట్టని పిన్నీసులు

ఈ ఊళ్ళో పిన్నీసు కూడా ఊరికే ఉండదు.
కొన్న మూడో నెలకి ఎర్రబడుతుంది,
పట్టుచీర మీద తన గోడు రాసి పోతుంది.
అందుకే పాత పౌడరు డబ్బాలో, పౌడర్లోనే పాతిపెడతాను
పెద్దవి పన్నెండు, చిన్నవి రెండు డజన్లు,
సముద్రానికి తెలీకుండా.

ముహూర్తం రేపు రాత్రి రెండూ నలభైకి.
మండపం కంచరపాలెం రైలుగేటు దాటాక.
గేటు పడితే పడుతుంది,
దానికి మాత్రం నా దగ్గర మందు లేదు.

ఇరవయ్యారేళ్ళు క్యాజువాల్టీ ట్రాలీ సర్దినదాన్ని.
పై అరలో ముందు కావలసినవి,
కింది అరలో, అవసరం రాకూడదని మొక్కుకునేవి.
ఈ రెగ్జిను సంచీ అంతే.
పైన సూదులు, ఎర్రదారం, ఆకుపచ్చదారం ముందే ఎక్కించి
(ఏడ్చే కళ్ళతో ఎవరూ సూదిలో దారం ఎక్కించలేరు),
జాకెట్టు హుక్కులు, జడపిన్నులు, దువ్వెన.
ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు. ఈ ఉక్కపోతకి
పెళ్ళికొడుకులే ముందు పడతారు.
గాజువాకలో ఒకడు తలంబ్రాల పళ్ళెంలోకే ఒరిగాడు.
నాలిక కింద పెట్టే మాత్ర, తాతగారికి, ఆయనకి చెప్పకుండా.
కొబ్బరి బిస్కట్లు.
ప్యాడ్లు, నల్ల కవర్లో కాదు, చెయ్యి పెడితే దొరికేలా.
అడుగున పసుపుకొమ్ము, పసుపుతాడు.
భీమిలి పెళ్ళిలో సూత్రాలు బీరువాలో,
తాళంచెవి మేనమామ జేబులో,
మేనమామ ఎక్కడో తునిలో.
కొమ్ముతోనే కట్టించాం. ఆ జంట ఇప్పటికీ
దర్జాగా పోట్లాడుకుంటూ కలిసే ఉన్నారు.

నా పెళ్ళి బురుజుపేట సందులో, షామియానా కింద.
జీలకర్ర బెల్లం వేళకి చంక కింద కుట్టు విడిపోయింది.
అడగడానికి సిగ్గు,
అడిగినా ఎవరి దగ్గరా సూది లేదు.
తెల్లారేదాకా కుడిచెయ్యి పక్కటెముకలకి అదిమిపెట్టి ఉన్నాను.
తలంబ్రాలు కూడా మోచెయ్యి కదలకుండానే పోశాను.
ఆల్బం చూసినవాళ్ళంతా, "ఎంత సిగ్గో పిల్లకి!"
మా ఆయనైతే నిన్నమొన్నటిదాకా,
"పొగరేమో అనుకున్నాను."

పదకొండు దాటాక ధరణి వచ్చింది,
రెండు చేతులా తడి గోరింటాకు, తలుపు భుజంతో తోసుకుని.
"ఏటత్తా ఇది, పెళ్ళికా యుద్ధానికా?"
నేను లెక్కపెడుతూనే ఉన్నాను.
రేవు వైపు ఏదో ఓడ గొంతు సవరించుకుంది.
చేతులు ఊదుకుంటూ కాసేపు కూచుని, అడిగింది:
"అంతా అయ్యాక సంచి నువ్వు పట్టుకెళ్ళిపోతావా?"

పదిహేడు పెళ్ళిళ్ళు. ఎవ్వరూ అడగలేదు.
అప్పగింతల గోలలో నేనే జిప్పు లాగేసి
కారు కదలకముందే ఇంటికి తెచ్చేసుకునేదాన్ని,
ఆపద ఆ ఒక్క రాత్రే వస్తుందన్నట్టు.

"కుర్రాడు మంచోడే అత్తా," తనే అంది మళ్ళీ.
"మంచోడే," అన్నాను.
నిజంగానే. షిప్‌యార్డులో పని, మాట తక్కువ,
నవ్వితే చెవులు కదుల్తాయి.

అరచేతులు ఆకాశానికి పెట్టి అక్కడే నిద్రపోయింది.
నేను సంచి మొత్తం మళ్ళీ విప్పాను.
కర్పూరం, అగ్గిపెట్టె పంతులుగారి బుట్టలోకి.
పిన్నీసులు ఉంచాను, ఇంకాస్త పౌడరు పోసి.
మూడు ఐదొందల కాగితాలు సన్నగా చుట్టి
దారం రీలు బోలులోకి దూర్చాను.
నా నంబరు దానికి నోటికొచ్చు,
అయినా కాగితమ్మీద రాశాను,
ఫోను పోయిన రోజున నోటికేమీ రాదు.
ప్లాస్టరు ముక్క కత్తిరించి, దాని పేరు రాసి
జిప్పు పక్కన అంటించాను.
చివరికి చెప్పులు. రబ్బరువి, నీలం పట్టీలవి, సైజు ఆరు,
పూర్ణా మార్కెట్లో నాకని కొనుక్కున్నవి.
ఇద్దరిదీ ఒకటే పాదం.

పొద్దున్నే చూసింది.
"చెప్పులెందుకత్తా?"
"పీటల మీద కూచుని కూచుని
కాళ్ళు పొంగుతాయే," అన్నాను.

అదీ నిజమే.