బుడగలన్నీ పైకి వచ్చేదాకా

మూత అప్పుడే బిగించకు, యూసో.
ఆ సన్నటి గొట్టంలోకి తొంగి చూడు,
నూనె అడుగున ఇంకా ఊపిరి ఉంది.
కడ్డీని మెల్లగా కిందికి లాగు,
మెల్లగా పైకి తోయి.
అదిగో, ఆవగింజంత బుడగ.
దాని వెనకే దాని చెల్లెలు.

నీకు పదకొండేళ్ళు, తొందర.
నాకు అరవై ఎనిమిది, నాకూ తొందరే.
నూనెకి మన వయసులతో పనిలేదు.

నిన్న, గడ్డకట్టిన సముద్రం మీద,
నీ బండి మంచుగుట్ట ఎక్కి ఎగిరింది.
గాలిలో ఉన్నంతసేపూ దొరబిడ్డే!
దిగేటప్పుడు తెలిసింది సంగతి.
ధబ్బున పడి, ఆ బుడగ టైర్ల మీద బంతిలా లేచి,
మళ్ళీ పడి, పల్టీకొట్టి,
నాలుగు చక్రాలూ ఆకాశానికి తిప్పి
బొద్దింకలా గిలగిల్లాడింది.
కుర్కెలా వాళ్ళ పిల్లలు నవ్వారు.
నువ్వు రిమోట్‌ని కోటులో దాచేశావు
ఆ బండి ఎవరిదో నీకు తెలియనట్టు.

పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారంటారు.
కారు, సరే.
ఎలా పడ్డారో మాత్రం నేను చూస్తాను.
ముప్పై ఒక్క ఏళ్ళు కెమి బస్సు డిపోలో
గుంతలో నిలబడి
బస్సుల కడుపులు చూసిన దాన్ని.

"ఇంకా గట్టి స్ప్రింగులు వేద్దాం హిల్కా,"
దారంతా అదే పాట.
గట్టిగా ఉంటే దెబ్బ తగలదని నీ లెక్క.
నేను విప్పిన వాటిలో విరిగినవన్నీ గట్టివే.
(అన్నీ అంటే అన్నీ కాదులే.
రోడ్డు మీద చల్లిన ఉప్పు తినేసినవీ ఉన్నాయి.)

స్ప్రింగుకి ఒకటే విద్య, తిరిగి తన్నడం.
ఎంత నొక్కితే అంత తన్నుతుంది.
ఆ తన్నుని మధ్యలో పట్టుకుని
పిస్టన్ బిళ్ళకున్న రెండు కన్నాల్లోంచి
కొంచెం కొంచెంగా జారనిచ్చేది ఈ నూనె.
నీళ్ళలా ఉంటే ఆపలేదు,
మరీ చిక్కనైతే స్ప్రింగుని కదలనివ్వదు,
బండి మొత్తం ఒక్క ఇటుక అయిపోతుంది.

అందుకే చెబుతున్నా విను,
నిన్నటి తప్పు నీది కాదు, స్ప్రింగుదీ కాదు.
పొయ్యి పక్కన వెచ్చగా కూర్చుని
యాభై నంబరు పోసింది నేను.
వంటింట్లో లేతపాకం,
గడప దాటి సున్నాకి పద్దెనిమిది కిందికి వెళితే
ముదురుపాకం.
ఇంత అనుభవం ఉండి, చూడు,
చలిని లెక్కలో వేయడం మర్చిపోయాను,
పుట్టినప్పటి నుంచీ అందులోనే ఉంటూ.

కాబట్టి ఇవాళ వరండాలో కూర్చున్నాం.
ముప్పై నంబరు సీసా
రాత్రంతా బయటే పడుకుంది.
నా వేళ్ళు నావి కావు,
నీ ముక్కు ఎర్ర బెర్రీ పండు.
ఇక్కడ కుదిరితే అక్కడా కుదురుతుంది.

ఇంకో బుడగ. ఆగు.
ఇంకోటి.
ఆఁ, ఇప్పుడు మూత.

ముందువి రెండూ తగిలించాం.
నడుము ఎత్తునుంచి వదులు.
రెండుసార్లు ఎగిరింది.
వెనకవి నిన్నటివే కదా, మర్చిపోయాం ఇద్దరం.
నువ్వు నా వైపు చూశావు,
నేను సీసా వైపు.
మళ్ళీ విప్పడం, మళ్ళీ తుడవడం,
ఓ చిన్న రబ్బరు వాషరు బల్లల సందులో పడితే
పోగుసూదితో పైకి లాగడం.

చీకటి పడింది. ఇక్కడ రెండున్నరకే పడుతుంది.
వదిలావు.

తుప్.

పొట్ట నేలని ఒక్కసారి తాకి,
లేచి, తన ఎత్తు తనకి గుర్తొచ్చినట్టు
అక్కడే ఆగింది.

నువ్వు కేకలేస్తావనుకున్నాను. వేయలేదు.
బండిని తీయడానికి నేను వంగితే
నా మోకాళ్ళు రెండూ పటపటమన్నాయి.
ఆ చప్పుడుకి తలెత్తి, చాలా గంభీరంగా,
"నీకు ఏ నంబరు వెయ్యాలి?" అని అడిగావు.

ముందు బుడగలు పోనీరా, అన్నాను.