బిళ్ళ నంబరు 614

బిటోమ్‌లో గని మూతపడి ఇరవయ్యేళ్ళు దాటింది.
మా అమ్మ లెయొకాడియా పెట్టిన సూప్ హోటల్లో
కిటికీ పక్క మూలన
ఇంకా ఒక గని నడుస్తోంది.

నిలువెత్తు చెక్కపెట్టె. నెత్తి మీది పేరు ఎప్పుడో వెలిసిపోయింది.
లోపల ఏదో గ్రహానికి చంద్రుడు,
ఆ చంద్రుడి కడుపులో ముప్ఫై అంతస్తుల చీకటి,
తలకి దీపం కట్టుకుని దిగే వేలెడంత మనిషి.
గాజు పీతలు గోడల్లోంచి ఊడిపడతాయి.
కాల్చాలి, దూకాలి, లిఫ్టు వచ్చేదాకా బతకాలి.
అంతే. కథంటూ ఇంకేం లేదు.

మొదటిసారి చూసినప్పుడు మావాళ్ళు
పీతల్ని పట్టించుకోనే లేదు.
"పైకప్పుకి దన్నేదీ? ఈ సొరంగం తవ్విన వెధవెవడు?"
బోగుమిల్ అరగంట తిట్టాడు.
తిట్టి, ఇంకో నాణెం వేశాడు.

ఎనిమిది గంటలు భూమిలో ఉండి వచ్చి,
స్నానం చేసినా రెప్పల అంచున బొగ్గు కాటుక పోకుండానే
డబ్బిచ్చి మళ్ళీ ఎందుకు దిగేవాళ్ళో
పదేళ్ళప్పుడు నాకర్థం కాలేదు.
ఇప్పుడు మాత్రం అయిందని చెప్పను.
ఒకటి చూశాను:
అక్కడ లిఫ్టు చెప్పిన వేళకి వచ్చేది.
చచ్చినవాడు మూడుసార్లు లేచేవాడు.

దేశం నాణేలు మార్చింది. పెట్టె గాడి మారలేదు.
కొన్నాళ్ళు బోల్టు వాషర్లతో నెట్టుకొచ్చాం.
గని మూసిన రోజు
ఎవరి ఇత్తడి హాజరు బిళ్ళ వాళ్ళు జేబులో వేసుకొచ్చారు.
దిగేముందు కొక్కేనికి తగిలించి
పైకొచ్చాక తీసుకునే బిళ్ళ అది.
కొక్కేనికి మిగిలిపోతే మనిషి కిందున్నట్టు.
ఆకురాయితో కాస్త అంచు అరగదీస్తే
గాడిలో సరిగ్గా పట్టింది.
రాత్రి డబ్బా తెరిచి, లెక్కపెట్టి,
ఎవరి బిళ్ళ వాళ్ళకివ్వడం నా పని.

తెర మీద పది పేర్లు. పదోది అలోయ్‌జీది.
మా లిపిలో మూడక్షరాలే పట్టే చోట
వాడి పేరు 'అలో' దగ్గర ఆగిపోయింది,
ఎవరో ఫోనెత్తినట్టు.
ఊపిరితిత్తులు రాయై పోయాడు వాడు,
గనిలో కాదు, మంచం మీద, ఒక మంగళవారం.

ఆ తర్వాత ఆ అంకె ఎవరూ దాటలేదు.
చేతకాక కాదు.
నలభై ఒక్కవేల దగ్గరకొచ్చి
తుపాకీ దించి
పీతలకి ఎదురెళ్ళి నిలబడేవాళ్ళు.
ఎవరూ అనుకుని పెట్టుకున్న నియమం కాదు.
"చెయ్యి తిమ్మిరెక్కింది" అనేవాళ్ళు.
నేను సూప్ పోసేదాన్ని.

మొన్న ఫిబ్రవరిలో ఒస్తాప్ వచ్చాడు, పన్నెండేళ్ళవాడు.
ఖార్కివ్ నుంచి. వాళ్ళమ్మ మా వంటింట్లో గిన్నెలు తోముతుంది.
వాడి ఫోనులో ఇంతకి వెయ్యిరెట్లు నిగనిగలాడే ఆటలున్నాయి.
దాన్ని బల్ల మీద బోర్లించి
ఈ పెట్టె ముందు నిలబడ్డాడు.
కిందికి దిగి, పైనుంచి చప్పుళ్ళు వినడం
వాడికి కొత్త కాదు.
మేకుకి వేలాడుతున్న 614 తీసిచ్చాను.
అలోయ్‌జీదే ఎందుకిచ్చావని అడక్కండి. చేతికందింది.

నాలుగో సాయంత్రం
తలుపు సందులోంచి మంచు గాలి,
చెంచాలన్నీ గాల్లో,
వాడు నలభై ఒక్కవేలు దాటాడు.
తుపాకీ దించలేదు.
ఎందుకు దించుతాడు?
పేర్లు ఒక్కో మెట్టు దిగాయి.
'అలో' కింద మెట్టు లేదు.

ఎవరూ నోరు విప్పలేదు. నాకు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.
అప్పుడు బోగుమిల్ నవ్వాడు, దగ్గు వచ్చేదాకా.
"పదో స్థానమంటే వాడికి ఒళ్ళుమంటరా.
ఇన్నేళ్ళూ అక్కడే కట్టేసి ఉంచాం కదా వాణ్ణి."

ఒస్తాప్‌కి ఇదేం తెలీదు.
"లిఫ్టు రాకముందే చచ్చాను" అని గొణుక్కుంటూ
నా వైపు చెయ్యి చాపాడు.
డబ్బా తాళం తీశాను. పదకొండు బిళ్ళలు.
614 వెచ్చగా ఉంది,
పెట్టె లోపలి వేడికి.