పొన్ను

వేసవిలో ఓ మధ్యాహ్నం
బూడితిలో మా కొలిమి ముందు సైకిలు ఆపి
సుబేదారు నీలాద్రి
జేబులోంచి ఒక సీసపు గుండు తీసేడు.
చింతగింజకంటే పొడుగు,
కోసు మొహం, మడమ దగ్గర కాస్త సన్నం.

"దీనికి రాగి చెప్పు తొడగాలి, ఆచారీ."

మా నాయన తవిటాచారి నవ్వలేదు.
గోటితో గీరి చూసేడు.
గీత పడింది.
"ఇంత మెత్తందాన్ని మంట ముందు నిలబెడతావేటి బాబూ?"

"అదే మరి.
ఎనకాల మందు అంటుకుంటాది,
ఆ వేడిగాలి మడమని కొరికేసి పక్కల్నించి దూరిపోతాది.
గొట్టం గాడుల్నిండా సీసం పూతే.
పేల్చేది ఒక పూట, తోమేది వారం."

నాయన చూపు మూలనున్న రోకలి మీదికెళ్ళింది.
అక్కడే కాసేపు ఉండిపోయింది.

"అయితే పొన్నన్నమాట."

ఆ మాటతో పని మొదలైంది.

పోస్టుకార్డంత మందం రాగిరేకు,
శనగబద్దంత బిళ్ళలు,
ఉక్కుదిమ్మలో చిన్న గుంట.
ఒకటే దెబ్బ.
రెండోది పడితే అంచు చిరుగుతాది.
బిందెలకీ గంగాళాలకీ అలవాటైన చెయ్యి
ఇంత చిన్న పనికి సిగ్గుపడి
మొదటిరోజు నలభై పాడుచేసింది.
ఆ నలభై గిన్నెల్లోనూ
నేను ఇసకన్నం వండేను.

ఆదివారం సరుబుజ్జిలిలో, సుబేదారు పెరట్లో,
కళింగపట్నం వలల పాత గుళ్ళు
ఇనపమూకుట్లో కరుగుతున్నాయి.
పైన తేలిన మడ్డిని గరిటెతో తీసి పారేస్తే
అడుగున అద్దం.
అందులో ఆయన మీసం వణికింది.
అచ్చు విప్పితే గుళ్ళు తడిగోనె మీద పడేవి
నిద్రలో ఎవరో పక్కకి తిరిగినట్టు.

పొన్ను తొడగడం నా వంతు.
వంకరగా కూచుంటే "తియ్యి" అనేవాడు.
మళ్ళీ పెడితే, మళ్ళీ "తియ్యి."
సీతంపేట సంతలో కొన్న తేనెమైనం పూసి
ఉక్కు కన్నంలోంచి మెల్లగా తోస్తే
అవతలికి సమానంగా, నునుపుగా వచ్చేది,
రాగి మడమని పట్టుకుని.
పళ్ళతో లాగినా రాదు.
లాగబోయేను కూడా.
"ఓలమ్మా, నోట్లో ఎట్టకు! విషం!"
కుంకుడు రసంతో రెండుసార్లు చేతులు కడిగించేడు.

"దీన్తో ఏటిని కొడతావు తాతా?"
"కాయితాన్ని."
"అడివిపందిని కాదా?"
"కాయితాన్నే, గుంటా."

తర్వాత ఒకరోజు ఆ కాయితం తెచ్చేడు.
నాలుగు చిల్లులు ఒక రూపాయి బిళ్ళ కింద దాక్కున్నాయి.
అయిదోది ఎక్కడో, అంచు దగ్గర, ఒంటరిగా.
"పొన్ను వదులు" అన్నాడు నాయన, తప్పు తనదే అన్నట్టు.

సుబేదారు ఆ అయిదో చిల్లులోకే చూస్తున్నాడు.
"నౌకరీలో పెట్టెలకి పెట్టెలు వచ్చేవి.
ఏ చేతులు చేసేయో తెలీదు.
ఎల్లినవి ఎక్కడికి..."
కాయితం మడిచేసేడు.
"ఆచారీ, మజ్జిగుందా?"

నాలుగేళ్ళు చేసేం.
వానాకాలం మధ్యలో ఆయన పోయేడు.
తుపాకి శ్రీకాకుళం స్టేషన్లో అప్పజెప్పి
దమయంతమ్మ ఒక బిస్కట్ల డబ్బా తెచ్చింది.
సీసం కళింగపట్నమే వెళ్ళిపోయింది,
మళ్ళీ వలల అంచుకి.
మిగిలిన పొన్నులు తూచితే
చెంబు మూతికైనా చాలవు.
నాయన వాటిని మూసలో వేసి, తుత్తునాగం కలిపి
ఎవరిదో పెళ్ళివంట గరిటెలో కలిపేసేడు.

ఒక్కటి ఉంచుకున్నాడు.
లెక్కలు రాసే పెన్సిలు
అరిగి అరిగి బొటనవేలంతయింది.
దాని మడమకి తొడిగేడు.
వదులు.
కాస్త కాయితం చుట్టి మళ్ళీ తొడిగేడు.

సుబేదారు నీలాద్రి,
బాకీ పద్నాలుగు రూపాయల ముప్పావలా.

ఆ వరస మీద
ఒకటే గీత.