సగం గోలి

ఏనుమాముల యార్డుల పదహారేండ్ల సంది దడ్వాయిని.
తేజ మిర్చి బస్తా కాంటా మీద పడుడే ఆలస్యం,
అంకె నిలవకముందే కిలోలు నా నోట్లకెల్లి వస్తయ్.
సంచికింత, తేమకింత, తరుగు తీసి చీటీ రాస్త.

శ్రీహితను గూడ తూచిన్రు
ఎంజీఎంల, చెప్పులు విడిపించి:
పద్దెనిమిది కిలోల మూడు వందల గ్రాములు.
ఎత్తు గొలిచి, రెండు కలిపి లెక్కగట్టి
రోజుకొక్క పసుపు గోలి రాసిన్రు.
పక్క మంచం రెహాన్‌కూ అదే.
మట్టెవాడ పిలగాడు. అదే ఈడు, అదే తూకం, అదే రక్తపు కేన్సరు,
గుండు మీదికి నీలం టోపీ నాదంటే నాదని రోజూ లొల్లి.

మూడో వారంల
రెహాన్ ఉప్మా వద్దు, బిర్యానీ గావాలని అలిగిండు.
నా బిడ్డకు నోరంత పుండ్లు, గుక్కెడు నీళ్ళు మింగది,
తెల్లకణాలు అడుగంటినయ్.
"గోలీలు ఎక్కువేసిన్రా?" అన్నది సిస్టర్.
నేను. ఎక్కువేసుడు.

రక్తం హైదరాబాదు పోయింది, పన్నెండు రోజులకు కాయితమొచ్చింది.
నళినీ డాక్టరమ్మ దాని ఎనుక పెన్నుతో గీసి చెప్పింది:
మూడు వందల కోట్ల అక్షరాలల్ల
ఒక్కకాడ సి ఉండాల్సింది టి ఉన్నది.
గా ఒక్కదానికే ఒళ్ళు ఈ మందును ఇరగ్గొట్టలేదట,
అందరికి సరిపోయేది ఆమెకు విషమైతదట.
"ఏడికెల్లి వచ్చింది మేడం?"
"మీ ఇద్దరిల ఒకరి నుంచి. ఎవరి తప్పూ కాదు."
ఆటోల స్వరూప అటు చూసింది, నేను ఇటు చూసిన.
హంటర్ రోడ్డు దాటేదాక
ఆ ఒకరు ఎవరికి వాళ్ళమే.

గ్లౌజులేసుకొని బ్లేడుతో గోలిని నడుమ గీత మీద కోస్త.
సగం ఇయ్యాల, సగం రేపు.
తరుగంటే రైతు నోటికాడిదే అనుకున్న ఇన్నేండ్లు.
పుండ్లు మానినయ్. జుట్టు మొలిచింది, ఇదివరకటి లెక్క కాదు, ఉంగరాలు.

రెహాన్ నిండు గోలి తిన్నడు, అరిగించుకున్నడు.
వాని ఒంట్ల అక్షరాలు సక్కగనే ఉన్నయ్,
మారింది జబ్బు లోపటి అక్షరం.
అదీ కాయితంల దొరికింది.
దొరికితే ఏంది, దాన్ని సగం చేసే బ్లేడు లేకపాయె.
పద్నాలుగో నెలల తిరిగొచ్చింది, ఏ మందు మాటా వినలే.

మొన్న ఫర్జానా యార్డుకొచ్చింది
బస్తాల నడుమకెల్లి, ఘాటుకు చున్నీ అడ్డం పెట్టుకొని.
ఈడ ఎవరి కండ్లల్ల నీళ్ళున్నా ఎవరూ అడుగరు.
చేతుల మందుల డబ్బ.
"తారీఖు ఇంకా ఉంది భయ్యా. డాక్టరమ్మను అడిగినా."

కాంటా మీద అంకె నిలిచి చానసేపాయె.
ఇరవై రెండు గోలీలు.
మా శ్రీహితకు నలభై నాలుగు రోజులు.