అక్కా అనే ఊరు

కోయిలకొండ కోట మూడో దర్వాజా నీడలో
పదో తరగతికి ముట్టడి పాఠం చెబుతున్నాను.
బడి రేకులు కాలుతున్నాయని ఇక్కడికి తెచ్చాను పిల్లల్ని.
పుస్తకంలో నాలుగే నాలుగు లైన్లు:
పద్దెనిమిది వందల ముప్పై ఒకటి, చలికాలం,
ఉస్మానియా సుల్తానుల రేవు కోట
(ఉస్మానియా అంటే యూనివర్సిటీయా సార్?)
రెండు దిక్కుల సముద్రం, మిగిలిన దిక్కు గోడ.
ఊరి పేరు అక్కా.

ఎవరి అక్క సార్, అన్నాడు వెనక నుంచి ఒకడు.
దర్వాజా కమానంతా నవ్వింది.

సీతాఫలం పొదల దగ్గర మేకల్ని అదిలిస్తూ
పల్లపు ఈదన్న మాత్రం నవ్వలేదు.
కట్టె మీద గడ్డం ఆనించి
"ఎవరు తవ్విండ్రు సారూ?" అన్నాడు.

తవ్వడమేంటి, ముట్టడి కదా.

"గోడ దిక్కు ఉట్టిగ నడిచిపోతే కాలుస్తరు గద.
తవ్వుకుంట పోవాలె, మన్నుల తల దాసుకొని.
అదిగూడ వంకర తవ్వాలె.
సక్కగ తవ్వితే గుండు సక్కగొస్తది."

పుస్తకం తిరగేశాను.
పాషా ఉన్నాడు, పాషా కొడుకున్నాడు,
ఫిరంగులున్నాయి, ఆరు నెలల లెక్క ఉంది.
తవ్వినోళ్లు లేరు.

ఆ రాత్రి ఇంకో పుస్తకం దొరికింది, చెదలు తినగా మిగిలింది.
నైలు ఒడ్డు పల్లెల నుంచి
మెడకూ మెడకూ తాడేసి నడిపించిన రైతులు.
పట్టుకుపోతారని తెలిసి
కొందరు ముందే చూపుడువేలు నరుక్కున్నారు.
తుపాకి మీట నొక్కను వేలు కావాలి.
పార పట్టను మిగిలిన నాలుగూ చాలు.
ఈ చివరి మాట పుస్తకంలోది కాదు, నాది.

తెల్లారి ఈదన్నకు చదివి వినిపించాను.
చాలాసేపు మేకల్ని లెక్కపెట్టాడు,
లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టాడు.

"మా తిప్పక్క గూడ తవ్వింది సారూ.
కోయినా కాడ. నాకు పన్నెండేండ్లు.
మేస్త్రి అడ్మాన్సు ఇచ్చిండు, నలభై మందిమి లారీల పోయినం.
నేను గడ్డపార మోసెటోన్ని, ఆమె గంప.
మన్ను పడేముందు మాట్లాడుతది, తెలుసా?
ఉప్పు రాలినట్టు, సన్నగ.
నేనిన్న.
అక్కా అని ఒర్లిన.
నలభై మందిల సగం మంది అక్కలే గద,
అందరు నా దిక్కు సూసిండ్రు.
ఆమె గంపకు వంగింది."

దర్వాజా రాయి ఇంకా నిన్నటి ఎండతో వేడిగానే ఉంది.
ఈ రాళ్లు ఎత్తిన వాళ్ల పేర్లూ
ఏ శాసనంలోనూ లేవు, వెతికాను.

"ఆ ఊరు పడిందా మరి?"
పడింది. మే నెలలో. గోడ విరిగింది.
"గోడ పోనియ్.
గోడ దాంక తవ్విన ఆ గుంత,
దాన్ని మళ్ల పూడ్చిండ్రా,
అట్లనే ఇడిసిపెట్టి పోయిండ్రా?"

తెలియదన్నాను.

"సూడుండ్రి, యాడన్న రాసుంటది,"
అని ఒక మేక గుంజుకుపోతుంటే దాని వెంట దిగిపోయాడు.

పరీక్షలో ఒక మార్కు ప్రశ్న వచ్చింది:
అక్కా ముట్టడి ఎన్ని నెలలు సాగెను?
అందరూ ఆరు అని రాశారు.
అందరికీ మార్కు వేశాను.
గుంత సంగతి ఇంకా వెతుకుతున్నాను.